శిక్షణ పొందిన కుక్కను ఎప్పుడు అమ్మాలి? విశాఖ పెంపకందారులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఆనందపురం, పెందుర్తి, గాజువాక... ఎటువైపు నుంచి ఫోను వచ్చినా మాట చివరికి ఒకే చోటికి చేరుతుంది: "కుక్క బాగా తయారైంది, ఇప్పుడే అమ్మేయాలా, ఇంకొన్నాళ్లు నేర్పాలా?" అందరికీ విడివిడిగా చెప్పే బదులు జవాబులన్నీ ఇక్కడ రాసి పెడుతున్నాను. కుక్క వయసును, అమ్మకం దశను బట్టి ప్రశ్నలను విభజించాను. మీకు కావలసిన చోటి నుంచే చదువుకోవచ్చు. ఇందులో ఎక్కువ భాగం జర్మన్ షెపర్డ్, బెల్జియన్ మాలినోయిస్, లాబ్రడార్, డాబర్మన్ జాతుల గురించే. నా మొగ్గు ఎటో కూడా ముందే తెలిస్తే మంచిది: ఎక్కువ నేర్పిన కొద్దీ ఎక్కువ ధర పలుకుతుందనే లెక్కను నేను నమ్మను.

## మొదటి ఏడాది

రెండు నెలల కుక్కపిల్లను నేరుగా పోలీసులకు అమ్మవచ్చా?

ఎనిమిది వారాలు నిండితే అమ్మవచ్చు. కుక్కల పెంపకం, అమ్మకాలపై 2017లో వచ్చిన కేంద్ర నియమాల ప్రకారం అంతకంటే చిన్న పిల్లలను అమ్మకూడదు. మన దేశంలో భద్రతా దళాలు సాధారణంగా పిల్లలనో, లేత వయసు కుక్కలనో తీసుకుని, హ్యాండ్లర్‌తో (కుక్కను నడిపించే మనిషితో) జతచేసి తామే శిక్షణ ఇచ్చుకుంటాయి. బీఎస్ఎఫ్‌కు గ్వాలియర్ దగ్గర టేకన్‌పూర్‌లో, ఐటీబీపీకి పంచకుల దగ్గర భానూలో, సీఆర్‌పీఎఫ్‌కు బెంగళూరు శివారు తరళులో ఇందుకోసం సొంత కేంద్రాలున్నాయి. పేలుడు పదార్థాలను పసిగట్టే జాగిలానికి సుమారు ఆరు నెలలు, మనిషి జాడ పట్టే ట్రాకర్‌కు సుమారు తొమ్మిది నెలలు కోర్సు నడుస్తుంది. కాబట్టి మనం ఇంటి దగ్గర చేయించే "పోలీసు ట్రైనింగు"లో చాలా భాగం వారికి అక్కర్లేదు. భయం లేని, ఆరోగ్యమైన, బంతి కోసం పడిచచ్చే పిల్ల కావాలి వారికి.

పోలీసులకా, స్పోర్టుకా (కుక్కల పనితనం పోటీలకా) అన్నది ఎప్పుడు తేల్చుకోవాలి?

ఏడాది నిండేలోపు తేల్చుకోవాలి. వాయిదా వేసేవారే ఎక్కువగా నష్టపోతున్నారు.

ఈ రెండు పనులూ బయటికి ఒకేలా కనిపిస్తాయి, లోపల మాత్రం కుక్క బుర్రను వేర్వేరు దారుల్లో నడిపిస్తాయి. స్పోర్టులో కుక్క హ్యాండ్లర్ ముఖం వైపే చూస్తూ, ఎడమ కాలికి అంటుకున్నట్టు నడవాలి. ప్రతి కదలికకూ అనుమతి కోసం ఎదురుచూసే కుక్కకే అక్కడ మార్కులు పడతాయి. వాసన పట్టే పోలీసు కుక్క పని దీనికి పూర్తిగా భిన్నం. లారీ కింద, లగేజీ వరుసలో, చీకటి గదిలో అది తనంతట తాను వెతకాలి. హ్యాండ్లర్ ముందుకు సాగిపోతున్నా, వాసన తగిలితే తాను అక్కడే నిలబడిపోవాలి. ఏడాదిన్నర పాటు ముఖం చూడటం నేర్పి, స్పోర్టు కొనుగోలుదారు దొరకలేదని పోలీసుల వైపు తిప్పితే, ఆ కుక్క ఖాళీ గదిలోకి వెళ్లి రెండు అడుగులు వేసి వెనక్కి తిరిగి మిమ్మల్నే చూస్తుంది. పరీక్ష పెట్టే అధికారి అక్కడితో కాగితం మూసేస్తారు.

ఎనిమిదో నెల నుంచి ఒక పరీక్ష మొదలుపెట్టండి. సరుగుడు తోపులోనో, మోకాలెత్తు గడ్డిలోనో బంతిని విసిరి, కుక్కను ఓ నిమిషం ఆపి వదలండి. దొరకకపోయినా ముక్కు నేలకు ఆనించి వెతుకుతూనే ఉంటే పోలీసు పని వైపు నడిపించండి. కాసేపు వెతికి మీ దగ్గరికి పరుగెత్తుకొచ్చి, మరో బంతి ఇవ్వమని మీ చేతుల వైపు చూస్తే స్పోర్టు దానికి నప్పుతుంది. ఈ పరీక్ష నెలకోసారి చేసినా చాలు, పది నెలలు నిండేసరికి బొమ్మ తేలిపోతుంది.

పళ్లు మారే వయసులో బైట్ వర్క్ (కరిచి పట్టే శిక్షణ) ఆపేస్తే అమ్మకం ఆలస్యం కాదా?

కాదు. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య పాలపళ్లు రాలి కొత్తవి వస్తాయి. ఆ రోజుల్లో కుక్క నోటితో పట్టిన టగ్ గుడ్డను గట్టిగా లాగితే నొప్పి గుర్తుండిపోతుంది, తర్వాత పట్టు సగం నోటితోనే ఉంటుంది. కోర పన్ను విరిగిన కుక్కకు ధర తగ్గుతుంది, చాలాచోట్ల ఎంపికలోనే తప్పిస్తారు. ఆ రెండు నెలలూ వాసన పనికి వాడుకోండి.

మా కుక్క ఆరు నెలలకే స్లీవ్ (శిక్షణలో చేతికి వేసుకునే మందపాటి తొడుగు) పట్టి వదలడం లేదు. ఇప్పుడే మంచి ధర వస్తుందంటున్నారు. అమ్మేయాలా?

వద్దు. ఆ వయసులో వదలని పట్టుకు కారణం ధైర్యమూ కావచ్చు, భయమూ కావచ్చు. వీడియోలో రెండూ ఒకేలా కనిపిస్తాయి. యవ్వనంలోకి అడుగుపెట్టే నెలల్లో చాలా కుక్కలు నిన్నటిదాకా పట్టించుకోని గొడుగుకూ, డ్రమ్ముకూ బెదురుతాయి. ఆ దశ దాటాక నిలిచేదే అసలు స్వభావం. కొనేవారికి తెలియకపోవచ్చుగానీ మీకు తెలుసు. ఆరు నెలల వీడియో చూసి కొన్నవారు పన్నెండో నెలలో ఫోను చేస్తారు, ఆ ఫోను బాగుండదు.

ఒక ఈతనో, ఒకటి రెండు కుక్కలనో అమ్మడానికి కూడా రిజిస్ట్రేషన్ కావాలా?

అమ్మకం కోసం కుక్కలను పెంచుతున్నవారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదు కావాలని 2017 నియమాలు చెబుతున్నాయి. మధ్యవర్తులు, బోర్డింగ్ కెన్నెళ్లు నడిపేవారు కూడా ఆ నిర్వచనంలోకి వస్తారు. మైక్రోచిప్, టీకాల రికార్డు, అమ్మకాల రికార్డు ఉండాలి. వయసొచ్చిన కుక్కలను అమ్మేటప్పుడు స్టెరిలైజేషన్‌కు సంబంధించిన షరతులూ ఉన్నాయి కాబట్టి పశుసంవర్ధక శాఖ కార్యాలయంలో ముందే కనుక్కోండి. జీవీఎంసీ పరిధిలో పెంపుడు కుక్కకు తీసుకునే లైసెన్సు వేరు, ఇది వేరు. ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదని అనుకోకండి.

రాట్‌వీలర్‌ను అమ్మకూడదన్నారు, నిజమేనా?

2024 మార్చిలో కేంద్రం 23 జాతుల పేర్లతో రాష్ట్రాలకు సర్క్యులర్ పంపింది. రాట్‌వీలర్ అందులో ఉంది. ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు ఆ సర్క్యులర్‌ను కొట్టివేసింది. జర్మన్ షెపర్డ్, మాలినోయిస్, లాబ్రడార్, డాబర్మన్ ఆ జాబితాలో లేవు. రాట్‌వీలర్ అమ్మేవారు తాజా స్థితిని కనుక్కుని ముందుకెళ్లాలి.

## ఏడాది నుంచి రెండేళ్లు: అసలు నిర్ణయం

అమ్మడానికి సరైన వయసు ఒకటంటూ ఉందా?

ఒక వయసు లేదు, కొనేవారిని బట్టి ఒక్కో గడువు ఉంది. పోలీసు పనికి, సెక్యూరిటీ పనికి సగం తయారైన కుక్కను అడిగేవారు సుమారు 12 నుంచి 24 నెలల వయసు కోరతారు. అప్పటికి ఎముకలు గట్టిపడతాయి, స్వభావం తేలుతుంది, ఇంకా ఆరేడేళ్ల సర్వీసు మిగిలి ఉంటుంది. స్పోర్టులో గడువు నిబంధనల వల్లే కాస్త ఆలస్యంగా మొదలవుతుంది. తొలి పరీక్ష అయిన బీహెచ్‌కు (విధేయత, జనంలో ప్రవర్తన చూసేది) కుక్క వయసు కనీసం 15 నెలలు ఉండాలి, ఆ తర్వాతి ఐజీపీ పోటీ పరీక్షలో మొదటి స్థాయి అయిన ఐజీపీ-1కు 18 నెలలు. బీహెచ్ పాసైన కుక్కకు అంతకుముందు ఉన్న ధరకూ, తర్వాతి ధరకూ స్పష్టమైన తేడా ఉంటుంది, ఎందుకంటే మీ మాట కాకుండా బయటి జడ్జి మాట తోడవుతుంది.

నన్నడిగితే పోలీసు దారిలో ఉన్న కుక్కను 14 నుంచి 18 నెలల మధ్య, స్పోర్టు కుక్కను తొలి టైటిల్ (ఇలాంటి పరీక్ష పాసైతే వచ్చే గుర్తింపు) వచ్చిన వెంటనే చూపించడం మొదలుపెట్టాలి. రెండేళ్లు దాటాక "ఇన్నాళ్లూ ఎందుకు అమ్ముడుపోలేదు?" అనే ప్రశ్న కొనేవారి నోటి నుంచి రాకపోయినా మనసులో ఉంటుంది.

ఇంకో ఆరు నెలలు నేర్పితే ధర పెరగదా?

కాగితం తీసుకుని లెక్క వేయండి. తిండి, మందులు, పిడుదుల నివారణ, పనివాడి జీతంలో ఈ కుక్క వాటా, మీ సమయం అన్నీ కలిపి నెలకు 12 వేలు అవుతోందనుకుందాం. ఆరు నెలలకు 72 వేలు. ఈ ఆరు నెలల్లో కొత్తగా వచ్చే నైపుణ్యానికి కొనేవారు 72 వేలకు మించి అదనంగా ఇస్తారా అన్నదే ప్రశ్న. టైటిల్ వస్తుందంటే బహుశా ఇస్తారు. "ఇంకా కాస్త మెరుగవుతుంది" అంటే ఇవ్వరు.

రెండో ఖర్చు లెక్కలో కనిపించదు. ఒకే మైదానంలో, ఒకే హెల్పర్‌తో (స్లీవ్ వేసుకుని కుక్కకు ఎదురు నిలిచే మనిషితో) నెలల తరబడి పని చేసిన కుక్కకు ఆ మైదానం, ఆ మనిషి అలవాటైపోతారు. ఆనందపురంలో మెరుపులా పని చేసి, హైదరాబాదులో కొత్త గ్రౌండులో దిగగానే సగానికి పడిపోయే కుక్కలు చాలావరకు ఇలా తయారైనవే. సిద్ధమైన కుక్కను దగ్గర పెట్టుకోవాల్సి వస్తే కొత్త పాఠాలు ఆపి, కొత్త చోట్లు చూపించండి.

ఐజీపీ టైటిల్ ఉంటే పోలీసులు ఎక్కువ ఇస్తారా?

సాధారణంగా ఇవ్వరు. ఐజీపీలో ట్రాకింగ్, విధేయత, రక్షణ అనే మూడు విభాగాలు, ఒక్కోదానికి 100 మార్కులు. 2019కి ముందు దీన్నే ఐపీఓ అనేవారు. ఇందులో ట్రాకింగ్ అంటే గడ్డిలోనో, దున్నిన నేలలోనో అడుగు అడుగునా నెమ్మదిగా వాసన పట్టడం. పోలీసులకు జగదాంబ జంక్షన్ లాంటి చోట తారు రోడ్డు మీద వాసన పట్టుకుని పరుగెత్తే కుక్క కావాలి. రక్షణ విభాగంలో కుక్క దృష్టి హెల్పర్ చేతికున్న స్లీవ్ మీద ఉంటుంది. స్లీవ్ విప్పి పారేస్తే మనిషిని వదిలి దాని వెంట పడే కుక్కలను అక్కడ ఎవరూ తప్పుపట్టరు. దొంగ స్లీవ్ వేసుకుని రాడు కదా. టైటిల్ ఉన్న కుక్కకు మంచి తల్లో తండ్రో అవుతుందనడానికి సాక్ష్యంగా విలువ ఉంది, దాని పిల్లలను పోలీసులకు అమ్మేటప్పుడు అది పనికొస్తుంది.

మన ఏజెన్సీలో గంజాయి కేసులు ఎక్కువ కదా. ఆ వాసన నేర్పి అమ్మితే గిరాకీ ఉండదా?

ఈ ఆలోచన చాలామందికి వస్తుంది. పాడేరు వైపు నుంచి వచ్చే గంజాయి విశాఖ మీదుగా రోడ్డు, రైలు మార్గాల్లో వెళ్తుంది, తనిఖీల్లో జాగిలాలను వాడతారు. గిరాకీ ఉన్న మాట నిజమే. నేర్పడానికి కావలసిన సరుకు మీ దగ్గర ఉంటే మాత్రం అది 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కింద నేరం. "ట్రైనింగు కోసం కొంచెమే" అన్న మాట కేసులో నిలవదు. పేలుడు పదార్థాల విషయమూ అంతే. అధికారిక అనుమతి లేని ప్రైవేటు ట్రైనరు "గంజాయి పట్టే కుక్క" అని ప్రకటన ఇస్తే కొనేముందు అధికారి అడిగే మొదటి ప్రశ్న "సరుకు ఎక్కడ దొరికింది?" అన్నదే.

చేయదగినది వేరే ఉంది. లవంగ నూనె చుక్క వేసిన దూది ముక్కను డబ్బాలో పెట్టి, వరుస డబ్బాల్లో వెతికించండి. దొరికిన చోట కదలకుండా కూర్చోవడం, గీకకుండా కొరకకుండా సూచించడం నేర్పండి. వెతికే పద్ధతి వచ్చిన కుక్కకు తమ కేంద్రంలో అసలు వాసనను జోడించుకోవడం పోలీసు ట్రైనర్లకు పెద్ద పని కాదు. అమ్మేటప్పుడు ఏ వాసనతో నేర్పారో దాచకుండా చెప్పండి.

కుక్క సిద్ధమైందని ఖచ్చితంగా ఎలా తెలుస్తుంది?

మీ మైదానంలో తెలియదు. ఈ విషయంలో విశాఖలో ఉన్నవారు అదృష్టవంతులు, ఇన్ని రకాల చోట్లు ఒకే ఊళ్లో దొరకడం కష్టం.

నున్నటి గచ్చు కోసం ఆర్టీసీ కాంప్లెక్స్‌కు తీసుకెళ్లండి. తెల్లవారుజామున, రద్దీ పెరగకముందే వెళ్లాలి. గోళ్లు జారుతున్నా తోక కిందికి పెట్టకుండా నడుస్తుందా? రైల్వే స్టేషన్ దగ్గర ఫుట్ బ్రిడ్జి మెట్లు, కింద రైలు కదులుతుండగా ఎక్కుతుందా? ఫిషింగ్ హార్బరులో చేపల వాసన, మంచు గడ్డలు దించే చప్పుడు, చుట్టూ వీధికుక్కలు ఉంటాయి. ఇన్నింటి మధ్య బంతి చూపిస్తే మీ వైపు తిరుగుతుందా? నా దృష్టిలో అన్నింటికన్నా కఠినమైన పరీక్ష హార్బరే. అక్కడ ఆడిన కుక్క ఎక్కడైనా ఆడుతుంది. పోర్టు రోడ్డులో లారీల పక్కన, పూర్ణా మార్కెట్ గల్లీల్లో జనం మోకాళ్ల మధ్య కూడా చూడాలి.

శబ్దానికి చాలామంది దీపావళి టపాసుల మీద ఆధారపడతారు. అది సరైన పద్ధతి కాదు, శబ్దం ఎక్కడ ఎప్పుడు వస్తుందో మీ చేతిలో ఉండదు. డిసెంబరు 4 నేవీ డే సందర్భంగా తూర్పు నావికాదళం ఆర్కే బీచ్‌లో విన్యాసాలు జరిపిన ఏడాది, ముందు రోజుల్లో రిహార్సల్స్ ఉంటాయి. హెలికాప్టర్ల హోరు, పేలుళ్లు వినిపిస్తాయి. జనంలోకి వద్దు. చాలా దూరాన నిలబడి మొదలుపెట్టి, కుక్క తింటూ ఆడుతూ ఉంటేనే కొద్దికొద్దిగా దగ్గరికి జరగండి.

ఇవన్నీ మీతోనే కాకుండా మరో మనిషి గొలుసు పట్టుకున్నప్పుడూ చేస్తే అప్పుడు ఆ కుక్క అమ్మకానికి సిద్ధం. ఎర్రమట్టి దిబ్బల మీదికి మాత్రం శిక్షణకు వెళ్లకండి, అది రక్షిత ప్రాంతం.

తుంటి ఎక్స్‌రే ముందే తీయించాలా, కొనేవారు అడిగాక తీయించాలా?

ముందే తీయించాలి. జర్మన్ షెపర్డ్‌కైతే తప్పదు. ఏడాది నిండాక, మత్తు ఇచ్చి, కాళ్లు సరిగ్గా చాచి తీసిన ఫిల్మే లెక్కలోకి వస్తుంది. మోచేతులు, నడుము కూడా అప్పుడే తీయించండి. విజయనగరం జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది, నగరంలోనూ సౌకర్యమున్న క్లినిక్కులు ఉన్నాయి. ఫలితం బాగాలేకపోతే ఆ కుక్కపై ఇంకో ఏడాది ఖర్చు పెట్టకుండా మిగులుతారు. ఎక్స్‌రే తీయించడానికి ఇదొక్కటే చాలు.

పిడుదుల జ్వరం వచ్చి తగ్గింది. ఎన్నాళ్లకు అమ్మవచ్చు?

మన తీరంలో తేమకు పిడుదులు ఏడాదంతా ఉంటాయి, కాబట్టి ఈ ప్రశ్న అందరికీ వస్తుంది. ఎర్లీకియా (పిడుదులు అంటించే క్రిమి) వస్తే సాధారణంగా నాలుగు వారాల పాటు డాక్సీసైక్లిన్ ఇస్తారు. మందు అయిపోయిన వెంటనే చలాకీగా కనిపిస్తుంది, ఆ చలాకీతనాన్ని నమ్మి అమ్మకండి. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు మామూలు స్థాయికి వచ్చి, కొన్ని వారాల తర్వాత చేసిన పరీక్షలోనూ నిలిచాయని డాక్టరు చెప్పాలి. కొన్ని కుక్కల్లో క్రిమి దాగి ఉండి, ప్రయాణం, కొత్త చోటు, కఠిన శిక్షణ లాంటి ఒత్తిడిలో తిరగబెడుతుంది. జబ్బు వచ్చిన సంగతి కాగితం మీద రాసి ఇవ్వండి. విషయం తెలిసిన కొనుగోలుదారు ఆ ఒక్క కారణంతో వెనక్కి తగ్గరు, దాచిన సంగతి బయటపడితే మాత్రం మళ్లీ మీ గుమ్మం తొక్కరు.

ఏ నెలలో అమ్మితే మంచిది?

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, ఎక్కువగా నాలుక బయటపెట్టి ఒగర్చడం ద్వారానే ఒళ్లు చల్లబడుతుంది. గాలిలో తేమ ఉంటే ఆ దారీ సరిగ్గా పనిచేయదు. మే నెలలో ఉదయం ఎనిమిదింటికే విశాఖలో మంచి కుక్క కూడా పది నిమిషాలకే నీడ వెతుక్కుంటుంది. చూడవచ్చినవారు దాన్ని బద్ధకం అనుకుంటారు. ఎండాకాలంలోనే చూపించక తప్పకపోతే వేకువ ఐదింటికి రమ్మనండి, థర్మామీటరు దగ్గర పెట్టుకోండి. కుక్క ఒంటి వేడి మామూలుగా 38 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది, 41 దాటితే ప్రాణాపాయం.

ఆడ కుక్క ఎదకు వచ్చింది. చూపించవచ్చా?

ఆగండి. ఎద సుమారు మూడు వారాలు ఉంటుంది, ఆ రోజుల్లో పని తీరు మారిపోతుంది. చివరి ఎద తేదీని కొనేవారికి చెప్పండి.

## కొనేవారు వచ్చాక

పోలీసు శాఖకు నేరుగా అమ్మాలంటే ఏం చేయాలి?

ప్రభుత్వ కొనుగోలు కాబట్టి ప్రకటన, దరఖాస్తు, ఎంపిక కమిటీ, పశువైద్యాధికారి పరీక్ష ఇలా ఒక వరుస ఉంటుంది. కావలసిన జాతి, వయసు, ఎత్తు, ఆడో మగో ముందే రాసి ఉంటుంది. వయసు ఒక నెల ఎక్కువైనా తిరస్కరిస్తారు, బతిమాలడం దండగ. అందుకే ప్రకటన కోసం ఎదురుచూస్తూ కుక్కను ఏళ్ల తరబడి పెట్టుకోకండి. ఆ సమయానికి సరైన వయసు కుక్క ఉంటే దరఖాస్తు చేయండి, లేకపోతే వేరే దారి చూసుకోండి. డబ్బు బిల్లులు పాసయ్యాకే చేతికి వస్తుంది, ఈలోపు మిగతా కుక్కల తిండికి ఏర్పాటు ఉండాలి. "లోపల మనవాళ్లున్నారు, కమీషన్ ఇస్తే పని అవుతుంది" అనే మధ్యవర్తికి టీ ఇచ్చి పంపేయండి.

ఒకాయన ఇంటి కాపలాకు కావాలంటున్నారు. పోలీసు ధరకంటే ఎక్కువ ఇస్తానంటున్నారు. ఇచ్చేయాలా?

ఆయన ఇంటికి వెళ్లి చూశాకే మాట్లాడండి. ఎంవీపీ కాలనీలోనో, సీతమ్మధారలోనో మూడో అంతస్తు ఫ్లాటు, ఇంట్లో ఐదేళ్ల పాప, రోజూ కుక్కను తిప్పే వాచ్‌మన్. బైట్ వర్క్ నేర్చిన మాలినోయిస్‌కు ఆ ఇల్లు జైలు, ఆ ఇంటికి ఆ కుక్క ప్రమాదం. లిఫ్టులో ఎవరినైనా కరిస్తే జంతువు విషయంలో నిర్లక్ష్యానికి భారతీయ న్యాయ సంహిత 291 సెక్షన్ ఉంది. దానికి పరిహారం గొడవ తోడవుతుంది. చట్టం యజమాని మీదికి వెళ్లినా, ఊళ్లో పోయేది మీ పేరే.

తోటలున్నవారు, గోదాములున్నవారు, కుక్కల అనుభవమున్నవారు అయితే వేరు. అప్పుడు కూడా ఆయన కనీసం కొన్ని వారాల పాటు మీ దగ్గరికి వచ్చి గొలుసు పట్టడం నేర్చుకోవాలన్న షరతు పెట్టండి. ఒప్పుకోకపోతే ఆయనకు అరిచే కుక్క సరిపోతుంది, కరిచే కుక్క అక్కర్లేదు.

పరీక్షించడానికి వారం రోజులు తీసుకెళ్తామంటున్నారు. పంపవచ్చా?

మీ చోట, మీ ఎదురుగా ఎన్ని రోజులు చూసుకున్నా సరే. బయటికి పంపాలంటే ధరలో పెద్ద భాగం ముందే చేతికి రావాలి, జబ్బు చేసినా గాయపడినా ఎవరి బాధ్యతో రాసుకోవాలి. కొత్త చోట మొదటి మూడు నాలుగు రోజులు చాలా కుక్కలు సరిగ్గా తినవు, పని చేయవు. వారం గడువు కుక్కకు న్యాయం చేయదు, రెండు మూడు వారాలు అడగండి.

ధర ఎలా చెప్పాలి? పక్కవారు చెప్పిన అంకె చెప్పవచ్చా?

పక్కవారు చెప్పేది అడిగిన ధర, వచ్చిన ధర కాదు. ముందు మీ అసలు ఖర్చు రాయండి, అది మీ కనీసం. దాని మీద మూడు విషయాలు ధరను కదిలిస్తాయి: ఎక్స్‌రే ఫలితం, బయటి జడ్జి ఇచ్చిన టైటిల్, కొత్త మనిషితో కొత్త చోట తీసిన, కోతలు లేని వీడియో. మీరు నేర్పిన ఆజ్ఞల సంఖ్య పెద్దగా కదిలించదు. ఒకే ధర చెప్పి, అందులో ఎన్ని రోజుల అప్పగింత శిక్షణ ఉందో కలిపి చెప్పండి. బయానా తీసుకుంటే రసీదు ఇవ్వండి, ఎన్ని రోజుల్లో తీసుకెళ్లాలో అందులోనే రాయండి. తేదీ లేని బయానా మీ కుక్కను వేరొకరి పేరుతో మీ ఖర్చు మీద కూర్చోబెడుతుంది.

ఆజ్ఞలు తెలుగులో నేర్పాను. బయటి రాష్ట్రంవాళ్లు కొనరా?

కొంటారు. కొత్త మాటను పాత మాటకు ముందు చేర్చి పలికితే కొద్ది వారాల్లో మారిపోతుంది. వాడిన ఆజ్ఞలన్నీ కాగితం మీద రాసి, మీరు పలికే తీరు వీడియో తీసి ఇవ్వండి.

ఏయే కాగితాలు ఇవ్వాలి?

కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా సర్టిఫికెట్, యాజమాన్య బదిలీ దరఖాస్తు మీద మీ సంతకం, మైక్రోచిప్ నంబరు, రేబిస్‌తో సహా టీకాల పుస్తకం, ఎక్స్‌రే ఫిల్ములు, రక్తపరీక్షలు. వీటితో పాటు అమ్మకపు ఒప్పందం. చిప్‌ను అప్పగించే రోజున రీడరుతో చదివించి, నంబరు సరిపోయిందని ఇద్దరూ సంతకం చేయాలి. ఈ ఒక్క పని ఎన్నో తగాదాలను మొదట్లోనే ఆపుతుంది.

హైదరాబాదుకు రైలులో పంపవచ్చా?

మనిషి తోడుంటే మంచిది. ఏసీ ఫస్ట్ క్లాసులో రెండు లేదా నాలుగు బెర్తుల గది మొత్తం బుక్ చేసుకుంటే కుక్కను వెంట తీసుకెళ్లవచ్చు. మిగతా ఏసీ బోగీల్లో, స్లీపరులో అనుమతి లేదు. లేదంటే గార్డు ఉండే బ్రేక్ వ్యానులోని డాగ్ బాక్సు. ఎండాకాలంలో ఆ పెట్టెలోకి నా కుక్కను ఎక్కించను. రోడ్డు మీద ఆరు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరం. రాత్రి బయలుదేరి, రెండు మూడు గంటలకోసారి ఆపి నీళ్లు పట్టిస్తూ వెళ్తే కుక్కకు అదే సుఖం. బయలుదేరే ముందు కడుపు నిండా పెట్టకండి.

## అమ్మాక, అమ్ముడుపోకపోతే

కొత్త హ్యాండ్లర్ మాట వినడం లేదని ఫోను చేస్తున్నారు. నేను వెళ్లాలా?

మొదటి వారంలో వెళ్లకండి. మిమ్మల్ని చూస్తే కుక్క మళ్లీ మొదటికి వస్తుంది. ఫోనులోనే నడిపించండి: కొన్ని రోజులు ఆజ్ఞలేమీ వద్దు, తిండి అంతా కొత్త హ్యాండ్లర్ చేతి నుంచే, బంతి ఆయన దగ్గరే, మిగతా సమయం కెన్నెల్లో విశ్రాంతి. మూడు వారాలైనా మార్పు లేకపోతే అప్పుడు వెళ్లి, కుక్కకు కనిపించకుండా వారి పని తీరు చూడండి. తప్పు ఎక్కువసార్లు గొలుసు పట్టిన చేతిలో ఉంటుంది.

కుక్కను వాపసు తీసుకోమంటున్నారు. తీసుకోవాలా?

ఒప్పందంలో ఏం రాశారో అది చేయండి. తుంటి లోపం లాంటి పుట్టుకతో వచ్చే సమస్యలకు ఒక గడువు వరకు వాపసు రాసుకోవడం న్యాయం. "మనసు మారింది" అన్నదానికి ధరంతా తిరిగివ్వనక్కర్లేదు. అయితే డబ్బు సంగతి ఎలా తేలినా, కుక్కను చోటు లేని స్థితిలో వదలకండి. తిరిగొచ్చిన కుక్కను మిగతావాటికి దూరంగా రెండు వారాలు ఉంచి, రక్తపరీక్ష చేయించాకే కలపండి.

రెండుసార్లు పోలీసు ఎంపికలో తిరస్కరించారు. ఇక పనికిరానట్టేనా?

ఎందుకు తిరస్కరించారో అడిగారా? ఎత్తు, వయసు, పన్ను కారణమైతే అది కుక్క పనితనం మీద తీర్పు కాదు, స్పోర్టుకో సెక్యూరిటీ సంస్థకో చూపించవచ్చు. శబ్దానికో, చీకటికో బెదిరిందంటే ఏ రక్షణ పనికీ అమ్మకండి. వేరే పేరుతో, వేరే ఊళ్లో, బెదురును కప్పిపుచ్చే వీడియోతో అమ్మేవారున్నారు. భయంతో కరిచే కుక్క చివరికి పిల్లాడినో ముసలివారినో కరుస్తుంది. వెతకడం ఇష్టమున్న మెత్తటి కుక్కకు లవంగ నూనె ఆటలు, చురుకైన కుటుంబం సరిపోతాయి. తక్కువ ధరకైనా అలాంటి ఇంటికే ఇవ్వండి.

నాలుగేళ్లు దాటింది. ఇప్పుడు ఎవరైనా కొంటారా?

పోలీసులు కొనరు. జాగిలాలు సాధారణంగా ఎనిమిది నుంచి పదేళ్ల మధ్య విరమిస్తాయి, నేర్పడానికి పట్టే కాలం తీసేస్తే వారికి మిగిలేది తక్కువ. ఈ వయసు కుక్కకు సరైన మనిషి స్పోర్టులోకి కొత్తగా వచ్చినవారు. పని వచ్చిన కుక్కతో కొత్త హ్యాండ్లర్ ఏడాదిలో నేర్చుకునేది పిల్లతో మూడేళ్లయినా రాదు. గట్టి టైటిల్ ఉంటే అలాంటివారు ఇప్పటికీ మంచి ధరే ఇస్తారు. పళ్ల ఫోటోలు, నడుము, తుంటి ఎక్స్‌రేలు పాతవి చూపించకుండా ఈ ఏడాదివి తీయించి పెట్టండి, ధరను మీ ఖర్చుల లెక్క మీద కాకుండా కుక్కకు మిగిలిన పని సంవత్సరాల మీద వేయండి.